అడుగున పేరు లేని కప్పు

మా ఊళ్ళో వేసవి వచ్చిందంటే శనివారం పొద్దున్నే వీధి మలుపుల్లో ఎస్టేట్ సేల్ బోర్డులు మొలుస్తాయి. ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళ సామాను, కాలం చేసినవాళ్ళ సామాను బల్లల మీద పరిచి అమ్ముతారు. కిందటి వేసవిలో మా అమ్మ కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. ఆవిడకి టీవీ సీరియళ్ళ కన్నా ఈ సేళ్ళే మంచి కాలక్షేపం. "ముక్కూ మొహం తెలియనివాళ్ళని వంటింటిదాకా రానిస్తున్నార్రా, ఇంతకన్నా ఏం కావాలి!" అనేది.

అలా వెళ్ళిన ఒక ఇంట్లో తెలుపు మీద నీలం చిత్రాలున్న పింగాణీ సామాను రెండు కనిపించాయి. ఒకటి పెద్ద పళ్ళెం, రెండోది పిడి లేని చిన్న కప్పు. అమ్మే మనిషి "ఇమారి. జపానువి. చాలా పాతవి" అని, రెండూ కలిపి పన్నెండు డాలర్లు చెప్పింది. నేను వెంటనే ఫోను తీసి ఇమారి అంటే ఏమిటో వెతకడం మొదలెట్టాను. ఈలోగా మా అమ్మ పళ్ళెం ఎత్తి, అంచు వెంబడి వేలు రాస్తూ నెమ్మదిగా తిప్పింది. ఒకచోట ఆగింది. "ఇది అచ్చురా. ఇదిగో అతుకు. ఇక్కడ తీగెకి తీగె కలవలేదు చూడు." తరవాత కప్పుని కూడా అలాగే తిప్పి చూసింది. "ఇది మాత్రం చేత్తో వేసిందే."

మా అమ్మ పుట్టిల్లు పెడన. చిన్నప్పుడు ఇంటి చుట్టూ కలంకారీ అద్దకం పనివాళ్ళే. చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద వేసి పిడికిలితో గుద్ది, దాని పక్కనే మళ్ళీ గుద్దుతూ పోవాలి. పనివాడు ఎంత నేర్పరి అయినా వెతికేవాళ్ళకి ఎక్కడో ఒకచోట అతుకు దొరుకుతుంది. జపాను పింగాణీ గురించి ఆవిడకి ఏమీ తెలియదు. అయినా ఫోనులో నాకు దొరకనిది ఆవిడ వేలికి దొరికింది.

కప్పు తిరగేసి చూశాం. అడుగున పేరు గానీ, ముద్ర గానీ, ఊరు గానీ లేవు. "పాపం, ఎవరు చేశారో!" అంది అమ్మ.

ఆ మాట నన్ను ఏడాదిపాటు పట్టుకుంది. నేను చరిత్రకారుణ్ణి కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. దేన్నైనా విప్పి లోపల ఎలా పనిచేస్తుందో చూడటం తప్ప నాకు మరో విద్య రాదు. ఆ విప్పడంలో తెలిసిన సంగతులు మీతో పంచుకోవాలనే ఈ ప్రయత్నం.

నల్లగా గీస్తే నీలం

ముందు వస్తువు సంగతి. పింగాణీ అన్న మాట మనకి పారసీకం నుంచి వచ్చింది. అక్కడ పింగాన్ అంటే గిన్నె. మన కుమ్మరి కుండ బంకమట్టితో చేసి, ఆవంలో మామూలు వేడికి కాల్చింది. నీళ్ళు పోస్తే పీల్చుకుంటుంది, అందుకే చల్లగా ఉంటుంది. పింగాణీ అలా కాదు. దానికి కావలసింది ఒక రకం తెల్లరాయి. ఆ రాతిని పొడి చేసి, నీళ్ళలో కలిపి, తేర్చి, మెత్తని ముద్ద చేసి, సారె మీద మలుస్తారు. దాదాపు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆ ముద్ద సగం గాజులా మారుతుంది. అప్పుడు దీపానికి అడ్డం పెడితే వెలుగు కనిపిస్తుంది, గోటితో కొడితే గంటలా మోగుతుంది.

నీలం రంగు కోబాల్ట్ అనే లోహానిది. బట్టీలో అంత వేడికి చాలా రంగులు మాడిపోతాయి, కోబాల్ట్ తట్టుకుంటుంది. జపానులో ఈ రంగుని గొసు అంటారు, ఈ నీలం తెలుపు పనిని సొమెత్సుకె అంటారు. తమాషా ఏమిటంటే కుంచెతో వేసేటప్పుడు అది నీలంగా ఉండదు, నల్లగా బూడిద కలిసినట్టు ఉంటుంది. వేసినవాళ్ళకి తమ నీలం ఎలా వచ్చిందో బట్టీ చల్లారి తలుపు తీసినదాకా తెలియదు. రాసిన ప్రోగ్రాము నడుస్తుందో లేదో తెలుసుకోవడానికి రోజుల తరబడి ఆగాల్సి వస్తే ఎలా ఉంటుందో మా వృత్తిలోవాళ్ళు ఊహించుకోవచ్చు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఆరిన పాత్రని ముందు తక్కువ వేడిలో ఒకసారి కాలుస్తారు. అప్పుడది సుద్దలా తడి పీల్చే స్థితిలో ఉంటుంది. దాని మీద ఒకరు సన్నని కుంచెతో గీతలు గీస్తారు. గీత పడగానే పాత్ర పీల్చేసుకుంటుంది, చెరిపే వీలు లేదు. ఆ గీతల మధ్య నీలం నింపడం ఇంకొకరి పని, దాన్ని దామి అంటారు. అరచేతిలో పట్టేంత లావు కుంచె నిండా పల్చటి రంగు పీల్పించి, బొట్టు బొట్టుగా పిండుతూ, నిలవ ఉన్న తడిని ముందుకు నడిపిస్తూ పోవాలి. ఆగితే మచ్చ పడుతుంది. తరతరాలుగా ఈ దామి పని ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తూ వచ్చారు. ఆపైన గాజుపూతలో ముంచి పెద్ద బట్టీలో కాలుస్తారు. నీలం ఆ పూత అడుగున చిక్కుకుపోతుంది కాబట్టి ఎన్నేళ్ళు తోమినా పోదు.

అంటే ఒక్క కప్పు మీద రాయి కొట్టినవాడు, సారె తిప్పినవాడు, గీత గీసినవాళ్ళు, నీలం నింపినవాళ్ళు, బట్టీ కాల్చినవాడు ఇందరి చేతులు పడ్డాయన్నమాట. అడుగున ఒక్కరి పేరు రాయడం ఎలాగూ కుదరని పని.

యుద్ధంలో తెచ్చిన విద్య

ఈ విద్య జపానులో పుట్టింది కాదు. తెల్లరాతి పింగాణీ మీద నీలం వేసి ప్రపంచాన్ని మెప్పించింది చైనాలోని జింగ్‌డెజెన్ పట్టణం. 14వ శతాబ్దంలో అక్కడి పనివాళ్ళు వాడిన కోబాల్ట్ పర్షియా నుంచి వెళ్ళింది. ఇక కొరియాలో కూడా పింగాణీ చేసేవారు. జపానువాళ్ళు మట్టిపాత్రల్లో గట్టివాళ్ళే గాని పింగాణీ వాళ్ళకి చేతకాలేదు. తేనీటి వేడుకల్లో కొరియా గిన్నెలంటే జపాను ప్రభువులకి మహా మోజు.

1592లో జపాను పాలకుడు హిదెయోషి కొరియా మీద దండెత్తాడు. మధ్యలో కొంత విరామంతో ఆ యుద్ధం 1598లో అతను చనిపోయేదాకా సాగింది. కొరియా సర్వనాశనమైంది, జపానుకి అంగుళం నేల దక్కలేదు. తిరిగి వస్తూ క్యూషూ దీవి సామంతులు మాత్రం వట్టి చేతులతో రాలేదు. కొరియా కుమ్మరులని కుటుంబాలతో సహా పడవలెక్కించి తీసుకొచ్చారు. ఈ యుద్ధానికి 'కుండల యుద్ధం' అన్న పేరు అందుకే వచ్చింది. బంగారం దోచుకుంటే ఖర్చయిపోతుంది, పని తెలిసిన మనిషిని తెచ్చుకుంటే తరాలపాటు పండుతుందని ఆ సామంతులు గ్రహించారు.

మనం కూడా చేతిలో విద్య పట్టుకుని దేశం దాటినవాళ్ళమే. కానీ మనం వీసా కోసం వరస కట్టి, ఇష్టపడి వచ్చాం. బాగోలేకపోతే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిపోగలం. వాళ్ళకి ఆ దారి లేదు. ఈ తేడా మరిచిపోయి వాళ్ళని మనతో పోల్చుకోవడం సబబు కాదు.

అలా సాగా సంస్థానపు నబెషిమా ప్రభువుల వెంట వచ్చినవాడు యీ సామ్‌ప్యోంగ్. జపానులో అతని పేరు కనగయె సంబెయ్‌గా మారింది. సంప్రదాయంగా చెప్పే కథ ప్రకారం, అతను సరైన రాయి కోసం కొండలన్నీ గాలించి, 1616లో అరిటా అనే చోట ఇజుమియమ కొండలో తెల్లరాతిని కనుక్కున్నాడు. అతనొక్కడే కనుక్కున్నాడా, ఇంకా కొన్ని బట్టీల్లో అప్పటికే ప్రయత్నాలు జరిగాయా అన్నదాని మీద పురావస్తు పరిశోధకుల మధ్య వాదాలున్నాయి. అరిటా ఊరు మాత్రం 1616నే తన పుట్టిన సంవత్సరంగా లెక్కపెట్టుకుంటుంది. 1917లో అక్కడి కొండ మీద అతని పేర స్మారక స్తంభం నిలిపారు. 2016లో నాలుగు వందల ఏళ్ళ పండగ చేసుకున్నారు.

నాకు ఇంకా దగ్గరగా తోచింది ఒక ఆడమనిషి కథ. ఆమె కూడా కొరియా నుంచి భర్తతో వచ్చింది. 1618లో భర్త పోయాడు. ఆ తరవాత ఆమె తన కింద ఉన్న దాదాపు తొమ్మిది వందలమంది కొరియావాళ్ళని వెంటబెట్టుకుని అరిటాకి తరలివెళ్ళి, అక్కడ పింగాణీ పనిలో వాళ్ళకి పెద్దదిక్కయింది. 1656లో, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూసింది. 1705లో మునిమనవడు ఆమె పేర ఒక బౌద్ధాలయంలో రాయి వేయించాడు. ఆమె పేర అన్నాను గాని, అసలు పేరు ఎక్కడా లేదు. హ్యకుబసెన్ అని పిలుస్తారు. 'నూరేళ్ళ అవ్వ' అన్న భావంతో తరవాతివాళ్ళు పెట్టుకున్న పిలుపు అది. వందలమందిని నడిపించిన మనిషికి రాతి మీద కూడా సొంత పేరు మిగల్లేదు.

అరిటా వృద్ధిలోకి రాగానే పోటీ మొదలైంది. బట్టీలకి కట్టెల కోసం కొండలు బోడి అవుతున్నాయని 1637లో సాగా సంస్థానం ఒక ఉత్తర్వు వేసింది. ఎనిమిది వందలమందికి పైగా జపాను కుమ్మరులని పనిలోంచి పంపేసి, పదమూడు బట్టీల ఊళ్ళకే పింగాణీని పరిమితం చేసింది. కొరియా కుమ్మరులకి మాత్రం మినహాయింపు దొరికింది. ఒకప్పుడు చెరపట్టి తెచ్చినవాళ్ళే ఇప్పుడు సంస్థానానికి ఆధారమయ్యారు. అదే సమయంలో విద్య బయటికి పొక్కకుండా కాపలా కూడా పెరిగింది. ప్రభువుల సొంత బట్టీలని 1675 ప్రాంతంలో ఒకవచియమ అనే ఇరుకు లోయకి మార్చి, దారిలో కాపలా ఠాణా పెట్టారు. షోగన్‌కి కానుకలు పంపే పింగాణీ అక్కడ తయారయ్యేది. బజారులో అమ్మేది కాదు.

రేవు పేరే సరుకు పేరు

ఇంతకీ అరిటాలో చేసింది ఇమారి ఎలా అయింది? అరిటా కొండల్లో ఉంది, సముద్రం లేదు. సరుకంతా దగ్గరలో ఉన్న ఇమారి రేవుకి చేరి పడవలెక్కేది. కొనేవాళ్ళకి తెలిసింది రేవే. మన సముద్రతీరపు అద్దకాల సంగతీ ఇంతే. చుట్టుపక్కల ఊళ్ళలో నేసినవాళ్ళు, అద్దినవాళ్ళు ఎందరున్నా, ఓడ ఎక్కేది మచిలీపట్నంలో కాబట్టి ఆ పేరే దేశదేశాలకి పాకింది.

1644లో చైనాలో మింగ్ వంశం కూలింది. అంతర్యుద్ధంలో జింగ్‌డెజెన్ బట్టీలు దెబ్బతిన్నాయి, ఆ తరవాత కొత్త ప్రభువులు సముద్ర వ్యాపారం మీద నిషేధం పెట్టారు. యూరపుకి చైనా పింగాణీ మోసుకెళ్ళే డచ్చి ఈస్టిండియా కంపెనీకి సరుకు కరువైంది. ఆ కంపెనీకి జపానులో నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న కృత్రిమ దీవిలో కొట్టు ఉంది. అనుమతి లేకుండా దీవి దాటి అడుగుపెట్టడానికి వీల్లేదు. అక్కడి నుంచే అరిటా వైపు చూశారు. 1650లో వాళ్ళు కొన్నవి కేవలం 145 పాత్రలు. 1659లో ఒక్కసారిగా యాభై వేలకు పైగా ఆర్డరు ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం యెమెన్‌లోని మోఖా రేవు కోసం. కాఫీ వ్యాపారానికి పేరుపడ్డ రేవు కదా, కప్పులు కావాలి మరి.

కంపెనీ తన సొంత వాడకానికి కూడా పళ్ళేలు చేయించుకుంది. మధ్యలో వి, ఓ, సి అక్షరాలు కలిపి అల్లిన గుర్తు, చుట్టూ చైనా ఫక్కీలో పూలూ పక్షులూ. ఇవాళ మ్యూజియాల్లో అద్దాల వెనక కూర్చున్నాయి గాని, నిజానికి అవి మన ఆఫీసుల్లో ఉచితంగా పంచే లోగో కాఫీ కప్పులకి ముత్తాతలు. ఆ అక్షరాలు గీసిన అరిటా పనివాడికి అవి ఏ భాషవో కూడా తెలిసి ఉండదు.

ఇక్కడే మా అమ్మ ఊరికీ ఆ కప్పుకీ చుట్టరికం కలుస్తుంది. ఇదే డచ్చి కంపెనీ 1605లో మచిలీపట్నంలో కొట్టు పెట్టింది. కోరమాండల్ తీరపు బట్టలు ఆ కంపెనీ ఓడల్లో తూర్పు దేశాలన్నిటికీ వెళ్ళాయి, జపాను దాకా చేరాయి. అక్కడ మన అద్దకపు గుడ్డని సరస అన్నారు. చిన్న ముక్క దొరికినా అపురూపంగా దాచి, తేనీటి పాత్రలు పెట్టుకునే సంచులు కుట్టుకునేవారు. అటునుంచి జపాను రాగి మన తీరానికి వచ్చేది, పింగాణీలో కొంత ఈ రేవులకీ చేరేది. అచ్చు గుద్దినవాడూ, కుంచె పట్టినవాడూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఒకే లెక్కల పుస్తకంలో పద్దులయ్యారు. ఆ పుస్తకంలో సరుకు ఉంది, ధర ఉంది, ఓడ పేరు ఉంది. చేసినవాళ్ళ పేర్లు లేవు.

ఎగుమతి పోయినా బతికిన పని

తరవాతి కథ మన వృత్తిలోవాళ్ళకి కొత్త కాదు. 1684లో చైనా నిషేధం ఎత్తేసింది. జింగ్‌డెజెన్ బట్టీలు మళ్ళీ వెలిగాయి. వాళ్ళు ఇమారి పింగాణీనే నకలు చేసి చవగ్గా అమ్మారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళే వచ్చి శిష్యుడి నమూనాని కాపీ కొట్టారన్నమాట. అటు యూరపులో హాలండుకి చెందిన డెల్ఫ్ట్ పట్టణంవాళ్ళు నీలం తెలుపు మట్టిపాత్రలు చేస్తూనే ఉన్నారు. 1710లో జర్మనీలోని మైసెన్‌లో నిజమైన పింగాణీ కార్ఖానా మొదలైంది. ఆర్డర్లు ఎటు చవకైతే అటు పోయాయి. 18వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి డచ్చివాళ్ళ కొనుగోళ్ళు దాదాపు అడుగంటాయి.

అప్పుడు ఈ పనిని నిలబెట్టింది రాజులు కాదు, విదేశీ బేరగాళ్ళు కాదు. జపానులోని మామూలు జనం. అరిటా పక్కనే ఉన్న హసామి ఊరివాళ్ళు మందంగా, చవగ్గా గిన్నెలు చేసి, రెండు మూడు గీతల్లో ఒక పూవో కొమ్మో వేసి పంపారు. వాటిని 'కురవంక' గిన్నెలంటారు. ఒసాకాకీ క్యోటోకీ మధ్య యోదొ నదిలో ప్రయాణికుల పడవల దగ్గరికి చిన్న పడవల మీద తిండి అమ్మేవాళ్ళు వచ్చి, "తినవా ఏం?" అని మోటుగా కేకలేసేవారట. ఆ కేకే గిన్నె పేరైంది. మన రైల్వే ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ వడ కేకలు విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా పిడి లేని కప్పు కూడా అలాంటి జనం సామానే. సొబా అనే నూడుల్స్‌ని నంజుకునే పులుసు పోసుకోవడానికి వాడే సొబచొకొ అది. దాని మీది మెలికల తీగెని ఆక్టోపస్ చేతుల్లా ఉంటుందని ఆ పేరుతోనే పిలుస్తారు.

1828లో పెనుతుఫానుతో పాటు మంటలు చెలరేగి అరిటా దాదాపు మొత్తం కాలిపోయింది. మళ్ళీ కట్టుకున్నారు. 1870లో వాగ్నర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అరిటా వచ్చి, కార్ఖానాలో తయారైన కోబాల్ట్‌ని ఎలా వాడాలో నేర్పాడు. పాత నీలంలో ఉండే బూడిదడాలు పోయి, కళ్ళకి కొట్టొచ్చే నీలం వచ్చింది. ఆ వెనకే కాగితపు అచ్చులూ, రాగి రేకు మీద చెక్కి పల్చటి కాగితం మీదకి ఎత్తిన బొమ్మలూ వచ్చాయి. ఆ కాగితాన్ని పాత్ర చుట్టూ చుట్టి అద్దితే క్షణాల్లో పని అయిపోతుంది. చుట్టిన కాగితానికి రెండు కొసలుంటాయి. ఆ కొసలు కలవనిచోటే మా అమ్మ వేలు ఆగింది.

మీ ఇంట్లో ఇలాంటి సామాను ఉంటే మీరే చూసుకోవచ్చు. అచ్చు అయితే అతుకు ఉంటుంది, నీలం అంతటా ఒకే పాళంలో ఉంటుంది. చేతిపని అయితే నీలం ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా పారుతుంది, ఒకే పూవు రెండుసార్లు ఒకేలా ఉండదు. పాత అరిటా పెద్ద పళ్ళేల అడుగున గుండ్రటి పాదం లోపల సూదిమొన గుర్తులు కొన్ని కనిపిస్తాయి. బట్టీలో పళ్ళెం మధ్యలో కుంగకుండా పెట్టిన ఆసరాల మచ్చలవి.

అడుగున రాసినదాన్ని మాత్రం అంత తేలిగ్గా నమ్మకండి. పాత అరిటా పళ్ళేల మీద 'మహా మింగ్ చెంగ్‌హువా కాలంలో చేసినది' అన్న చైనా అక్షరాలు తరచు ఉంటాయి. ఆ చైనా చక్రవర్తి పోయింది 1487లో, అరిటాలో పింగాణీ పుట్టకముందే! అమెరికాకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో ఇక్కడ చట్టం చేశాక నిప్పన్ అని రాశారు. 1921 నుంచి అలా కుదరదు, ఇంగ్లీషులో జపాన్ అనే ఉండాలన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత 1952 దాకా కొన్నిటి మీద 'ఆక్రమిత జపాన్' అని కూడా ఉంటుంది. అడుగున ముద్ర ఏం ఉండాలో నిర్ణయించింది ఎప్పుడూ కొనేవాళ్ళే.

ఒకవచియమ లోయలో, వారసులు లేని పాత కుమ్మరుల సమాధి రాళ్ళని పోగుచేసి ఒక గుట్టలా పేర్చారు. వాటి ముందు ఇవాళ్టికీ జనం దణ్ణం పెట్టుకుంటారు. ఆ ఫొటో చూసిన రోజు రాత్రి అమ్మకి ఫోను చేశాను. అప్పటికి ఆవిడ ఇండియా వెళ్ళిపోయి నాలుగు నెలలైంది. కథంతా చెప్పాను.

"ఎవరు చేశారో తెలియలేదమ్మా. ఎలా చేశారో మాత్రం తెలిసింది."

"ఆ పెద్దావిడ పేరేమిటన్నావు?"

"అసలు పేరు ఎవరికీ తెలియదు. నూరేళ్ళ అవ్వ అంటారంతే."

అవతల కాసేపు చప్పుడు లేదు. "మా అమ్మమ్మ వాళ్ళమ్మని మేమూ పెద్దవ్వ అనేవాళ్ళంరా. అద్దకాల్లో ఆవిడ చెప్పిన రంగుకి తిరుగుండేది కాదట. పేరు నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళు కూడా లేరు."

ఆ రాత్రి కాగితం తీసుకుని, ఆవిడ చెబుతుంటే అటూ ఇటూ పేర్లన్నీ రాసుకున్నాను. ఎవరు ఏ పని చేసేవారో కూడా రాశాను. మగవాళ్ళవి అయిదు తరాల దాకా వచ్చాయి. ఆడవాళ్ళవి మూడు తరాల దగ్గరే ఆగిపోయాయి. నాలుగో గడిలో 'పెద్దవ్వ, పెడన, రంగులు' అని రాసి పెట్టాను. ఆ కాగితం మడిచి, షెల్ఫులో ఆ కప్పు కింద ఉంచాను.